కిలోల లెక్క, రూపాయల లెక్క

(2025 అక్టోబరు మొదటి వారంలో, భీమవరంలో విద్యార్థులు, రైతులు, వ్యాపారుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. దసరా వెళ్ళి మూడు రోజులే అయింది, ఇళ్ళలో చుట్టాలు ఇంకా ఉండే ఉంటారు. అయినా ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ చాప ఖాళీగానే ఉంది.

దేశ ఆర్థిక పరిస్థితి మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్పాను. జీడీపీ, అంటే దేశంలో ఏడాదిలో తయారైన సరుకుల, సేవల మొత్తం విలువ, దాని నిర్వచనం బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పరీక్షలో ఇది తప్పకుండా వస్తుందని చెప్పేవాణ్ణి. నిర్వచనం పిల్లలకి వచ్చింది, మార్కులూ వచ్చాయి. కానీ పేపర్లో ‘వృద్ధి 7.8 శాతం’ అని చదివినప్పుడు ఆ అంకెలో తమ ఇల్లు ఎక్కడుందో చూసుకోవడం వాళ్ళకి నేర్పలేకపోయాను. ఇవాళ ఆ పని చేద్దామని వచ్చాను.

ముందు గడిచిన ఏడాది సంగతి. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. 2024-25కి సంబంధించి జాతీయ గణాంక కార్యాలయం మొన్న మే 30న తాత్కాలిక లెక్క ఇచ్చింది. జీడీపీ 6.5 శాతం పెరిగిందని చెప్పింది. అంతకు ముందు ఏడాది 9.2 శాతం పెరిగింది. అంటే పెరుగుదల ఆగలేదు, వేగం తగ్గింది. మూడేసి నెలల లెక్క చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మొదటి త్రైమాసికం 6.5, రెండోది 5.6, మూడోది 6.4, చివరిది 7.4.

ఆ 5.6 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అది 2024 జులై నుంచి సెప్టెంబరు వరకు. లోక్‌సభ ఎన్నికల కోడ్ వల్ల రోడ్లు, రైల్వే పనుల మీద కేంద్రం పెట్టే ఖర్చు ఆ ఏడాది మొదటి నెలల్లో వెనకబడింది. పట్నాల్లో కొనుగోళ్ళు పల్చబడ్డాయి. మరోపక్క కూరగాయలు, వంటనూనెల ధరలు పెరిగిపోయాయి. అక్టోబరు వచ్చేసరికి వినియోగదారుల ధరల పెరుగుదల 6.21 శాతానికి చేరింది, ఒక్క ఆహారమే చూస్తే 10 శాతం దాటింది. ఆ రోజుల్లో రైతుబజారుకి వెళ్ళినవాళ్ళకి ఇది నేను గుర్తు చెయ్యనక్కర్లేదు.

మరి ఏడాది చివరికి ఎలా నిలదొక్కుకుంది? పెద్ద కారణం వాన. 2023లో ఎల్‌నినో వల్ల నైరుతి వర్షాలు సగటులో 94 శాతమే పడ్డాయి, ఆ ఏడు వ్యవసాయం 2.7 శాతం మాత్రమే పెరిగింది. 2024లో వర్షం సగటుని మించి 108 శాతం పడింది, వ్యవసాయం 4.6కి లేచింది. ఆహారధాన్యాల దిగుబడి 35 కోట్ల టన్నులు దాటింది. నిర్మాణ రంగం 9.4 శాతం పెరిగింది. ఫ్యాక్టరీల ఉత్పత్తి మాత్రం 4.5 దగ్గరే ఉండిపోయింది. ఈ చివరి అంకె నాకు దిగులు పుట్టిస్తుంది, ఎందుకో తరవాత చెబుతాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2024-25లో మన దేశ జీడీపీ ఎంత అని అడిగితే గణాంక కార్యాలయం రెండు జవాబులు ఇస్తుంది. ఒకటి 330.68 లక్షల కోట్ల రూపాయలు. రెండోది 187.97 లక్షల కోట్లు. ఒకే దేశం, ఒకే ఏడాది, అవే పంటలు, అవే ఫ్యాక్టరీలు. రెండు అంకెల మధ్య తేడా 142 లక్షల కోట్లు. ఇది తప్పూ కాదు, మోసమూ కాదు. కానీ ఈ తేడా తెలియకపోతే ఇవాళ దేశం గురించి వస్తున్న వార్తల్లో సగం అర్థం కావు.

ఇది వివరించడానికి మనకి పుస్తకం అక్కర్లేదు, రొయ్యల చెరువు చాలు. పోయిన వారం మా పాత విద్యార్థి ఒకతని చెరువు దగ్గరికి వెళ్ళాను. తెల్లవారుజామున నాలుగింటికి రొయ్య పట్టుబడి పెట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆపేశారు, వల గట్టు దగ్గరికి వచ్చేసింది. ట్రేడర్ తాలూకు కుర్రాడు ఒక కిలో రొయ్య తూచి, ప్లాస్టిక్ ట్రేలో గుమ్మరించి, రెండేసి చొప్పున పక్కకి జరుపుతూ లెక్కపెడుతున్నాడు. మనవాళ్ళందరికీ తెలుసు, కిలోకి ఎన్ని తూగితే అది అంత కౌంట్. కిలోకి నలభై తూగితే నలభై కౌంట్. రొయ్య పెద్దదయ్యేకొద్దీ కౌంట్ తగ్గుతుంది, రేటు పెరుగుతుంది. ఆ కుర్రాడు ఎనభై దాటినా ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు. చిన్న రొయ్య. ఇంకో నెల మేత వేస్తే కౌంట్ బాగా తగ్గేది. మా వాడు ముందే పట్టేస్తున్నాడు. ఎందుకు పట్టేస్తున్నాడో కాసేపట్లో చెబుతాను, ముందు లెక్క చూద్దాం.

తేలికగా ఉండటానికి గుండ్రటి అంకెలు పెట్టుకుందాం. ఒక చెరువులో 3 టన్నుల రొయ్య వచ్చింది, కిలో 300 రూపాయలు పలికింది అనుకోండి. చేతికి 9 లక్షలు వస్తాయి. సీడు (రొయ్యపిల్లలు), మేత, మందులు, కరెంటు, డీజిల్ కలిపి 7 లక్షలు అయ్యాయి. మిగిలింది 2 లక్షలు. దేశ ఆదాయంలో ఆ చెరువు పేరు మీద జమయ్యేది ఈ 2 లక్షలే. మేత విలువ మేత ఫ్యాక్టరీ లెక్కలోకి వెళ్ళిపోతుంది, కరెంటుది విద్యుత్ రంగం లెక్కలోకి. ఎవరు ఎంత విలువ జోడించారో అంతే వాళ్ళ ఖాతాలో రాస్తారు. ఆ 2 లక్షల్లోంచే చెరువు కౌలు, వల లాగిన కూలీల డబ్బు, అప్పు మీద వడ్డీ, రైతు మిగులు అన్నీ రావాలి.

వచ్చే ఏడు అదే చెరువులో అదే 3 టన్నులు వచ్చింది, ఖర్చు కూడా అదే 7 లక్షలు. కానీ రేటు 270కి పడింది. చేతికి వచ్చేది 8 లక్షల 10 వేలు. మిగిలేది లక్షా 10 వేలు. చెరువు మీద మిగిలేదాంట్లో దాదాపు సగం పోయింది. ఈ మార్పు ప్రస్తుత ధరల లెక్కలో కనిపిస్తుంది, 330 లక్షల కోట్లన్నది ఆ లెక్కే. మరి రెండో లెక్క, స్థిర ధరలది, ఎలా వేస్తారు? పాత ఏడాది ఒకదాన్ని తీసుకుంటారు. ఇప్పటి వరకు మనకి అది 2011-12. ఈ ఏడు ఎన్ని టన్నులు వచ్చింది, దాన్ని ఆనాటి ధరతో గుణించు, అంతే. నిరుడూ 3 టన్నులే, ఈ ఏడూ 3 టన్నులే. కాబట్టి ఆ లెక్కలో చెరువు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. 187.97 అన్నది ఈ లెక్క. పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చే వృద్ధి శాతం ఎప్పుడూ దీనిదే.

ఎందుకలా చేస్తారు? దానికి మంచి కారణమే ఉంది. ధరలు పెరిగినంత మాత్రాన దేశం పెరిగినట్టు కాదు. కిలో టమాటా 20 నుంచి 80 అయితే దేశంలో టమాటాలు నాలుగింతలు కాలేదు కదా. నిజంగా ఎంత ఎక్కువ పండింది, ఎంత ఎక్కువ తయారైంది అన్నది తెలియాలంటే ధరలు తీసేసి చూడాలి. నేను ఆ పద్ధతిని తప్పుపట్టడం లేదు. పద్నాలుగేళ్ళ నాటి ధరలు బాగా పాతబడ్డాయని ప్రభుత్వమే ఒప్పుకుని, వచ్చే ఫిబ్రవరిలో 2022-23 ఆధారంగా కొత్త లెక్క ఇస్తామంది. అది మంచి పని, ఎప్పుడో చెయ్యవలసింది. నేను చెప్పేదల్లా ఒకటే. దేశం పెరుగుదలని కిలోల్లో కొలుస్తున్నాం. మనం బతికేది రూపాయల్లో. బ్యాంకు ఈఎంఐ రూపాయల్లో, పిల్లల ఫీజు రూపాయల్లో, కౌలు రూపాయల్లో. కాబట్టి ఒక లెక్క చెప్పినప్పుడు రెండోది కూడా అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఈ ఏడాదికి రండి. ఆగస్టు 29న ఏప్రిల్-జూన్ త్రైమాసికం లెక్క వచ్చింది. వృద్ధి 7.8 శాతం. చాలామంది నిపుణులు 6.5కి అటూఇటూగా అనుకున్నారు, అంతకన్నా చాలా ఎక్కువ వచ్చింది. సేవల రంగం 9.3 శాతం పెరిగింది, ఫ్యాక్టరీలు 7.7. సంతోషించవలసిన విషయమే. అదే పేజీలో, కొంచెం కింద, ప్రస్తుత ధరల వృద్ధి కూడా ఉంది. 8.8 శాతం. అంటే కిలోల్లో 7.8 పెరిగింది, రూపాయల్లో 8.8 పెరిగింది. మధ్యలో మిగిలింది ఒక శాతం. దేశం మొత్తంమీద ధరలు ఆ ఒక్క శాతమే కదిలాయన్నమాట. మామూలుగా మన దేశంలో ఈ తేడా మూడు, నాలుగు శాతం ఉంటుంది. నిరుడు కూడా మూడు శాతం పైనే ఉంది, కిలోల్లో 6.5, రూపాయల్లో 9.8.

ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. కొనేవాళ్ళకి మంచి. జులైలో వినియోగదారుల ధరల పెరుగుదల 2 శాతం లోపుకి దిగింది. జూన్, జులై, ఆగస్టు మూడు నెలలూ ఆహార ధరలు నిరుటికంటే తక్కువగానే ఉన్నాయి. నెల జీతం మీద బతికే ఇంటికి, రోజుకూలీ ఇంటికి ఇది పెద్ద ఊరట. ఇల్లు నడిపే ఆడవాళ్ళని అడగండి, పప్పు డబ్బా దగ్గర వాళ్ళ చెయ్యి ఎంత తేలికైందో చెబుతారు. అమ్మేవాళ్ళకి మాత్రం కష్టం. టమాటా రైతుకి, ఉల్లి రైతుకి, రొయ్య రైతుకి టన్నులు వచ్చాయి, డబ్బు రాలేదు.

ప్రభుత్వానికీ ఇబ్బందే. జీఎస్టీ రూపాయల మీద పడుతుంది, టన్నుల మీద కాదు. ఫిబ్రవరిలో బడ్జెట్ వేసినప్పుడు ఈ ఏడాది జీడీపీ రూపాయల్లో 10.1 శాతం పెరుగుతుందని అనుకుని లెక్కలు కట్టారు. 50.65 లక్షల కోట్ల ఖర్చు, అందులో 11.21 లక్షల కోట్లు పెట్టుబడి వ్యయం, 12.76 లక్షల కోట్లు ఒక్క వడ్డీలకే. ద్రవ్యలోటు, అంటే రాబడి చాలక అప్పు తెచ్చే మొత్తం, జీడీపీలో 4.4 శాతానికి తెస్తామన్నారు. 10.1 అనుకున్నది 8.8 అయితే పన్నులూ ఆ మేరకి తగ్గుతాయి. రిజర్వు బ్యాంకు ఈ ఏడాది తన మిగులులోంచి 2.69 లక్షల కోట్లు డివిడెండ్ ఇచ్చింది కాబట్టి కొంత ఆసరా ఉంది. ఏటా అంత వస్తుందని అనుకోలేం.

ఇక మా వాడు చెరువు ముందే ఎందుకు పట్టాడన్న సంగతి. మీకు తెలిసిందే, కానీ అంకెలతో చెబుతాను. 2024-25లో మన దేశం 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. డాలర్లలో 745 కోట్లు. అందులో 517 కోట్ల డాలర్లు ఒక్క ఫ్రోజెన్ రొయ్యదే. బరువులో చూస్తే 7 లక్షల 41 వేల టన్నుల రొయ్య వెళితే, 3 లక్షల 11 వేల టన్నులు అమెరికాకే వెళ్ళింది. వంద కిలోల్లో నలభై రెండు. ఈ రొయ్యలో సింహభాగం మన ఆంధ్ర చెరువుల్లోది. అమెరికా ఆగస్టు 7న 25 శాతం సుంకం వేసింది. రష్యా నుంచి ముడి చమురు కొంటున్నామని ఆగస్టు 27న ఇంకో 25 వేసింది. రొయ్య మీద అంతకుముందే ఉన్న డ్యూటీలు కలుపుకుంటే 58 శాతం దాటింది. మనతో పోటీపడే ఈక్వెడార్‌కి ఆ కొత్త సుంకం 15 శాతమే.

అమెరికావాళ్ళు ఎక్కువగా కొనేది పెద్ద రొయ్య. కాబట్టి దెబ్బ ముందుగా ముప్ఫై, నలభై కౌంట్ల మీద పడింది. ఇంకో నెల మేత వేసి పెంచితే రేటు ఉంటుందో ఉండదో తెలియదు, వైరస్ భయం ఎలాగూ ఉంది. అందుకని చిన్నగా ఉండగానే పట్టేశాడు. ఒక్క చెరువు నెల ముందు ఆగిపోతే ఎంతమంది ఆగిపోతారో ఆ గట్టు మీద కూర్చుంటే కనిపిస్తుంది. మేత కొట్టుకి ఆ నెల బస్తాలు పోవు. చెరువు కాపలా మనిషికి ఆ నెల జీతం లేదు. ఐస్ ఫ్యాక్టరీకి, రవాణా లారీకి సరుకు తక్కువ. ప్రాసెసింగ్ ప్లాంటులో తల తీసే ఆడవాళ్ళకి షిఫ్టులు తగ్గుతాయి. వీళ్ళకి కిలోల లెక్కన కూలీ ఇచ్చే చోట్లు ఉన్నాయి. చిన్న రొయ్య కిలో చెయ్యడానికి పెద్ద రొయ్యకన్నా రెట్టింపు పని పడుతుంది. ఆవిడ చేతి నొప్పి ఏ లెక్కలోనూ రాదు, కనీసం మన మాటల్లోనైనా రావాలి.

ఇంకో మాట గుర్తుంచుకోండి. ఏప్రిల్-జూన్ వృద్ధి అంత బాగా రావడానికి, సుంకాలు పడకముందే సరుకు పంపేద్దామని ఎగుమతిదారులు త్వరపడటం కూడా ఒక కారణం. ఆ ముందుగా పంపిన సరుకు తరవాతి నెలల లెక్కలోంచి తగ్గుతుంది.

ఈ దెబ్బ మనకి మాత్రమే కాదు. తమిళనాడులో తిరుప్పూర్ బనియన్లు, సూరత్ వజ్రాలు, ఆగ్రా చెప్పులు, అందరిదీ ఇదే కథ. ఇవన్నీ చేతులతో చేసే పనులు. తక్కువ పెట్టుబడితో ఎక్కువమందికి పని ఇచ్చేవి. ఫ్యాక్టరీల అంకె చూసి నాకు దిగులని ఇందాక అన్నది ఇందుకే. మన దేశంలో పనిచేసేవాళ్ళలో 46 శాతం ఇంకా వ్యవసాయం మీదే ఉన్నారు, దేశ ఆదాయంలో వ్యవసాయం వాటా మాత్రం 16 శాతం దగ్గర ఉంది. నలభై ఆరు మంది కలిసి పదహారు రూపాయలు పంచుకుంటున్నారు. వాళ్ళలో కొందరు ఫ్యాక్టరీ పనికి వెళితేనే మిగిలినవాళ్ళ వాటా కూడా పెరుగుతుంది. ఫ్యాక్టరీల్లో ఉన్నది 11 శాతం చిల్లర మాత్రమే.

పెరిగిన ఆదాయం ఎవరికి చేరిందన్నది ఇంకో ప్రశ్న. దీనికి నా అభిప్రాయం అక్కర్లేదు, ప్రభుత్వం పార్లమెంటులో పెట్టిన ఆర్థిక సర్వేలోనే జవాబుంది. 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగాయి. ఆ కంపెనీల్లో ఉద్యోగాలు 1.5 శాతం పెరిగాయి. మళ్ళీ చదువుతాను, లాభాలు 22.3, ఉద్యోగాలు 1.5. అదే సర్వేలో ఇంకో పట్టిక ఉంది. ధరల పెరుగుదల తీసేసి చూస్తే, నెలజీతం తీసుకునే మగవాళ్ళ సగటు ఆదాయం 2017-18లో 12,665 రూపాయలు ఉండేది. 2023-24కి 11,858 అయింది. సొంత పని చేసుకునేవాళ్ళది కూడా తగ్గింది. రోజుకూలీ మాత్రం కొంత పెరిగింది, అది ఒప్పుకోవాలి. ఈ ఆరేళ్ళ మధ్యలో కరోనా ఉంది, అదీ నిజమే. కానీ దేశం ఆ కరోనా నుంచి ఎప్పుడో కోలుకుని ముందుకి వెళ్ళింది. జీతగాడు ఇంకా పాత చోటికి కూడా రాలేదు.

మరి ఇళ్ళు ఎలా నడుస్తున్నాయి? ఏ ఊళ్ళోనైనా బంగారం అప్పు ఇచ్చే కౌంటర్ దగ్గర పొద్దున పదింటికి నిలబడి చూడండి. బ్యాంకుల్లో నగల మీద అప్పులు మార్చితో ముగిసిన ఏడాదిలో రెట్టింపై రెండు లక్షల కోట్లు దాటాయి. కొన్ని పంట రుణాలని ఈ పద్దు కిందికి మార్చడం వల్ల అంకె కొంత పెద్దగా కనిపిస్తోంది, బంగారం ధర బాగా పెరగడం వల్ల అదే గొలుసు మీద ఎక్కువ అప్పు పుడుతోంది. ఆ రెండూ తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. పోయిన నెల ఒక బ్యాంకులో నా ముందు ఒకావిడ వరసలో ఉంది. చీర కొంగులో కట్టుకొచ్చిన రుమాలు విప్పి రెండు జతల గాజులు తీసింది. గుమాస్తా ఒక్కో గాజునీ రాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేసి చూస్తున్నంతసేపూ ఆవిడ కళ్ళు ఆ గీత మీదే ఉన్నాయి. కొడుకు ఇంజనీరింగ్ ఫీజుకట. వ్యాపారానికి తెచ్చే అప్పు వేరు, ఫీజుకి తెచ్చే అప్పు వేరు. మొదటిది రేపు సంపాదన పెడుతుందన్న నమ్మకం. రెండోది ఇవాళ సంపాదన చాలకపోవడం. దేశ లెక్కలో మాత్రం రెండూ ‘రుణ వృద్ధి’ కిందే పడతాయి.

ఇక ముందు ముందు ఎలా ఉండబోతోంది? నాలుగు రోజుల కిందట, అక్టోబరు 1న, రిజర్వు బ్యాంకు ఈ ఏడాది అంచనాని 6.5 నుంచి 6.8కి పెంచింది. కొంచెం వివరంగా చూస్తే జులై-సెప్టెంబరు 7.0, ఆ తరవాత 6.4, చివరి మూడు నెలలు 6.2. అంటే ఏడాది అంకె పెరిగింది, కానీ నెలలు గడిచేకొద్దీ వేగం తగ్గుతుందని వాళ్ళే చెబుతున్నారు.

మనకి అనుకూలంగా ఉన్నవి చాలానే ఉన్నాయి, వాటిని తక్కువ చెయ్యను. ఈ ఏడు కూడా వర్షం 108 శాతం పడింది, జలాశయాలు నిండుగా ఉన్నాయి, రబీకి బెంగ లేదు. రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, ఫిబ్రవరిలో 6.5 ఉండేది, జూన్‌కి 5.5 అయింది. ఇంటి అప్పు ఉన్నవాళ్ళకి ఈఎంఐ కొంత తగ్గి ఉండాలి. తగ్గకపోతే బ్యాంకుకి వెళ్ళి అడగండి, అడగనిదే మార్చని చోట్లు ఉన్నాయి. కొత్త పన్ను విధానంలో పన్నెండు లక్షల వరకు ఆదాయపు పన్ను లేదు. సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింది. సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్ 18 నుంచి 5కి, సిమెంటు, పెద్ద టీవీ, చిన్న కారు 28 నుంచి 18కి, ట్రాక్టరు 12 నుంచి 5కి వచ్చాయి. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద అసలు పన్నే లేదు. ఆదాయపు పన్నులో లక్ష కోట్లు, జీఎస్టీలో 48 వేల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఇదంతా ఇళ్ళలోకి వచ్చే డబ్బే. పండగ ముందు బండ్ల షోరూముల దగ్గర రద్దీ మనమే చూశాం.

కానీ పన్ను తగ్గింపు ఒక్కసారి ఇచ్చేది. వచ్చే ఏడు మళ్ళీ అంత తగ్గించలేరు. జీతం పెరిగితే ఏటేటా ఉంటుంది. అందుకే పన్నులకన్నా పెట్టుబడి మీద నా కన్ను ఎక్కువ. 2047కి అభివృద్ధి చెందిన దేశం కావాలంటే పదేళ్ళకి పైగా ఏటా 8 శాతం పెరగాలని, దానికి పెట్టుబడి జీడీపీలో 31 శాతం నుంచి 35కి చేరాలని ఆర్థిక సర్వే చెప్పింది. ఇప్పటి వరకు బరువంతా ప్రభుత్వం మోస్తోంది. రోడ్లు వేసింది, రైల్వే లైన్లు వేసింది. ప్రైవేటు కంపెనీల దగ్గర లాభాలు ఉన్నాయి, బ్యాంకుల్లో డబ్బు ఉంది, వడ్డీ తగ్గింది. అయినా కొత్త ఫ్యాక్టరీలు అనుకున్నంతగా రావడం లేదు.

ఎందుకు రావడం లేదో చెరువు గట్టు మీద నాకు బాగా అర్థమైంది. పట్టుబడి అయ్యాక మా వాడు నన్ను అడిగాడు, “మాస్టారూ, మళ్ళీ సీడ్ వెయ్యమంటారా?” అని. చెరువు ఎండగట్టడానికి, సున్నం వెయ్యడానికి డబ్బుంది. వడ్డీ నిరుటికంటే తక్కువే. మేత కొట్టువాడు అరువు ఇస్తానంటున్నాడు. అన్నీ ఉన్నా, నాలుగు నెలల తరవాత కొనేవాడు ఉంటాడా అన్నది తెలియడం లేదు. అది తెలియనప్పుడు వడ్డీ ఒక శాతం తగ్గితే మాత్రం ఎవరు వేస్తారు? వెయ్యి కోట్ల ఫ్యాక్టరీ పెట్టేవాడి ప్రశ్న కూడా ఇదే. సరుకు కొనేవాళ్ళు కావాలి. బయట దేశాలు తలుపులు సగం మూసేసినప్పుడు లోపల ఉన్న మన జనమే కొనాలి. వాళ్ళు కొనాలంటే వాళ్ళ చేతికి వచ్చే రూపాయలు పెరగాలి. కంపెనీలు జీతాల మీద మిగిలించుకున్న డబ్బే రేపు వాళ్ళ సరుకు అమ్ముడుపోకుండా చేస్తుంది. లాభాలు, జీతాల మధ్య ఈ ఎడం ఎక్కువైతే గిరాకీ పడిపోతుందని సర్వే కూడా హెచ్చరించింది.

మా వాడికి నేనేం చెప్పానంటే, సగం చెరువుల్లోనే వెయ్యమన్నాను, పల్చగా వెయ్యమన్నాను. తప్పో ఒప్పో మార్చికి తెలుస్తుంది. రొయ్యని మనవాళ్ళే తినేలా చెయ్యాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. కాకపోతే హైదరాబాదులో వండుకునే ఇల్లాలి దాకా ఐస్‌లో చెడకుండా చేర్చే ఏర్పాటు లేనిదే అది కాదు. అమెరికాకి పంపడానికి పాతికేళ్ళ పాటు ప్లాంట్లు, కంటైనర్లు, తనిఖీలు అన్నీ కట్టుకున్నాం. మన ఊళ్ళకి పంపడానికి అందులో పదోవంతు కూడా కట్టుకోలేదు.

జపాన్‌ని దాటి నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అవుతున్నామన్న మాట గురించి అడుగుతారని తెలుసు. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) ఏప్రిల్‌లో ఈ ఏడాదికి వేసిన అంచనా ప్రకారం అవును, దాదాపు 4.19 లక్షల కోట్ల డాలర్లు. గర్వపడండి. అదే పట్టికలో మన తలసరి 2,900 డాలర్ల లోపు, జపానుది 33,000 దాటి ఉంది. అది కూడా చూడండి.

నవంబరు 28న జులై-సెప్టెంబరు లెక్క వస్తుంది. వృద్ధి శాతం బాగానే ఉంటుందని నా అంచనా, పేపర్లు పెద్దగానే వేస్తాయి. మీరు మాత్రం కింద ప్రస్తుత ధరల వృద్ధి ఎంతో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. దాని పక్కనే ఆ మూడు నెలల్లో మీ ఇంటికి వచ్చిన డబ్బు నిరుడు ఇదే మూడు నెలలకన్నా ఎంత పెరిగిందో, తగ్గిందో రాయండి. విద్యార్థులు మీ వీధిలో పది ఇళ్ళకి వెళ్ళి అడగండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. డిసెంబరు మొదటి ఆదివారం మళ్ళీ ఇక్కడే కూర్చుని ఆ కాగితాలన్నీ కలిపి చూద్దాం. బోర్డు, సుద్దముక్క నేను తెస్తాను.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ మైకు మూడో వరసలో నీలం చున్నీ అమ్మాయికి ఇవ్వండి బాబూ, ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది.